ఫోన్ చేయని ఎమ్మెల్యే, మా ఎస్ఐ మామ

నిన్న పొద్దున కాలాపేట బస్సులో ఉన్నాను. మా అన్న శేఖర్ ఫోన్.

"మామ పోయినాడు" అన్నాడు.

ఏ మామ అని అడిగాను. మా నెల్లితోపులో వీధికొక మామ ఉన్నారు కదా.

"మన ఎస్ఐ మామే పాపా."

తర్వాతి స్టాప్‌లో దిగిపోయాను. ఆఫీసుకు లీవ్ చెప్పాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు. మొన్న సాయంత్రమే మార్కెట్‌లో మునక్కాయలు బేరమాడుతూ కనిపించిన మనిషి. పొద్దున కాఫీ తాగి, పేపర్ పట్టుకుని కూర్చుని, అలాగే వాలిపోయారట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

కె. దామోదరం గారు అంటే నా ఫ్రెండ్స్‌లో చాలామందికి మాజీ ఎమ్మెల్యేగానే తెలుసు. ఇక్కడి పోలీసుల ఎర్ర టోపీ పెట్టుకుని కానిస్టేబుల్‌గా మొదలై, ఎస్ఐ అయి, విల్లియనూరు స్టేషన్‌లో పనిచేస్తుండగా ఉద్యోగం వదిలేసి ఎలక్షన్‌లో నిలబడ్డారు. గెలిచారు. మాకు రక్తసంబంధం ఏమీ లేదు, పక్క వీధి. ఎమ్మెల్యే అయ్యాక కూడా మాకు ఆయన ఎస్ఐ మామే.

మన దగ్గర ఎమ్మెల్యే అంటే ఏం చేయాలి? స్టేషన్‌కు ఫోన్ చేయాలి. మనవాణ్ణి పట్టుకెళ్తే ఒక్క ఫోన్, వదిలేస్తారు. అలాంటిది పోలీసాయనే ఎమ్మెల్యే అయితే ఇంకేం కావాలి అని వీధంతా సంబరపడింది.

మామ ఫోన్ చేసేవారు కాదు.

ఆ సంగతి మాకు తెలిసొచ్చింది శేఖర్ అన్నను పట్టుకెళ్లిన రోజున. మార్కెట్‌లో ఏదో గొడవ జరిగి ఒక షాపు అద్దాలు పగిలాయి. అన్న అక్కడ కూరగాయలు కొంటున్నాడు. పోలీసులు దొరికినవాళ్లను దొరికినట్టు జీపెక్కించారు. అమ్మ, నేను పరుగెత్తుకుంటూ మామ ఇంటికి వెళ్లాం.

"యాడ పెట్టినారు?" అని అడిగి చొక్కా వేసుకున్నారు. ఫోన్ టేబుల్ మీదే ఉంది. ముట్టుకోలేదు.

"ఏందన్నా, ఒక ఫోన్ వేస్తే పోతుంది గదా! ఆడ నా కొడుకును కొడతా ఉంటే నువ్వు బొత్తాములు పెట్టుకుంటా ఉండావే!" అని అమ్మ అరిచింది. నీకు ఓటేసిన చేతిని నరుక్కోవాలని కూడా అనేసింది.

మామకు కోపం రాలేదు.

"ఫోన్ వస్తే ఒగణ్ణి వదిలిపెడతారమ్మా. ఫోన్ లేనోడికి ఆ వదిలినోడి దెబ్బలు గూడా కలిపి పడతాయి. నేను ఆ పక్క ఉండి చూసినోణ్ణి. రా, పోదాం."

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ గబగబా లేచి కుర్చీ చూపించాడు. మామ అందులో కూర్చోలేదు. లోపలి గది తలుపుకు ఎదురుగా ఒక బెంచీ ఉంది, జనం కూర్చునేది, వీపు ఆనించుకోవడానికి కూడా ఏమీ లేనిది. దాని మీద కూర్చున్నారు.

"మీ పని మీరు చూడండి సార్. నేను సుమ్మా కూర్చోనుంటా."

అంతే. సిఫార్సు లేదు, బెదిరింపు లేదు. సుమ్మా అంటే నిజంగానే ఊరికే, ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ టీ తెప్పిస్తే మాకు ఇప్పించారు. భోజనం వేళ దాటిపోయింది. అమ్మకే మనసు ఆగక, "ఇంటికి పోయి ఏమన్నా తినేసి రా అన్నా" అంది.

"నేను లేస్తే లాఠీ గూడా లేస్తుందమ్మా" అన్నారు మెల్లగా.

లోపల అన్నతో పాటు కాలాపేట నుంచి చేపలు అమ్మడానికి వచ్చిన ఇద్దరు ఉన్నారు. వాళ్ల కోసం ఫోన్ చేసే దిక్కు లేదు. ఆ రోజు ఎవరి మీదా చెయ్యి పడలేదు. సాయంత్రం షాపు ఓనర్ వచ్చి, అద్దాలు పగలగొట్టింది వీళ్లు కాదని చెప్పాడు. ముగ్గురినీ పంపేశారు. మామ ఆ ఇద్దరినీ బస్సెక్కించాకే ఇంటికి వచ్చారు.

అసెంబ్లీలో ఆయన పెద్దగా మాట్లాడింది లేదు. ఒకసారి లేచి, స్టేషన్‌కు వచ్చే జనానికి వీపు ఆనించుకునే బెంచీలు వేయించమని అడిగారట. సభలో నవ్వారట. ఆ కథ చెప్పి మాకంటే ఎక్కువ మామే నవ్వేవారు.

తర్వాతి ఎలక్షన్‌లో ఓడిపోయారు.

ఒక ఫోన్ కూడా చేయని ఎమ్మెల్యే మనకెందుకు అని మా వీధిలోనే అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ మాత్రం ఆ చేత్తోనే మళ్లీ ఆయనకే ఓటేసింది.

మామ బాధపడ్డారో లేదో బయటికి తెలియనివ్వలేదు. స్టేషన్ బెంచీ మీద కూర్చోవడం మాత్రం మానలేదు. ఎవరొచ్చి పిలిచినా చొక్కా వేసుకుని బయల్దేరేవారు.

"ఇప్పుడే మేలు పాపా. కుర్చీ చూపించేవాళ్లు లేరు" అనేవారు.

నిన్న మామ ఇంటి ముందు షామియానా వేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. లీడర్లు వచ్చారు, దండలు వేశారు, ఫొటోలు దిగి వెళ్లారు. శేఖర్ అన్న ఆ కుర్చీల వైపు పోలేదు. వసారాలో ఉన్న పాత బెంచీ లాక్కొచ్చి, ఫ్రీజర్ బాక్స్‌కు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నం దాటినా లేవలేదు.

ఇంటికి పోయి ఏమన్నా తినేసి రమ్మన్నాను.

మామ ముఖం మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"వద్దు పాపా. సుమ్మా కూర్చోనుంటా."

నాకు ఏడుపు ఆగలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను. మామను ఎత్తేదాకా ఇద్దరం లేవలేదు.

పోయి రండి మామా.

ఇక ఎవరూ పిలవరు, చొక్కా వేసుకునే పని లేదు. ఈసారైనా వీపు ఆనించి, ప్రశాంతంగా కూర్చోండి.