పర్లేదు అనని వెర్లా

వెర్లా ట్యాడెన్‌కు కోపం ఎక్కువన్న సంగతి మా వైపు పాకే పిల్లలకు కూడా తెలుసు. చర్చిలో కాఫీ నీళ్లలా ఉంటే నీళ్లలా ఉందని మొహం మీదే చెప్పేది. పాస్టరు ప్రసంగం సాగదీస్తే చేతి గడియారం విప్పి, ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకునేది. చర్చి కమిటీలో తనతో గొడవపడ్డ ఆడవాళ్ల పేర్లన్నీ తన ఆవులకు పెట్టుకుంది. "ఆర్డిస్ ఈనింది, తల్లీ దూడా క్షేమం" అని ధాన్యం గోదాం దగ్గర ఆమె గట్టిగా చెబుతుంటే, అసలు ఆర్డిస్ మొగుడు పక్కనే నిలబడి టోపీ సర్దుకునేవాడు.

అయితే ఆమెను అన్నిటికంటే మండించేది ఒక్కటే మాట. పర్లేదు.

అయోవా రాష్ట్రంలో ఈ ఉత్తరపు కొసన మేమంతా ఆ మాట పట్టుకునే బతుకుతాం. ఒంట్లో ఎలా ఉందంటే పర్లేదు. వడగళ్లు పడి సోయా చేను నేలకు అతుక్కుపోతే పర్లేదు. వెర్లా మొగుడు డెల్మర్‌కు పినతల్లి కొడుకైన ఎల్డన్ హార్మ్స్ చెయ్యి కోత మిషన్లో ఇరుక్కుని రెండు వేళ్లు పోయినప్పుడు, ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచి అన్న మొదటి మాట కూడా అదే. బాగుందంటే గొప్పలు పోయినట్టు, బాగాలేదంటే జాలి అడుక్కున్నట్టు. దీన్ని మేం మర్యాద అంటాం. వెర్లా పిరికితనం అనేది.

ఆమె అలా అనడానికి కారణం ఆమెకు తెలుసు, ఆమె మొగుడు డెల్మర్‌కు తెలుసు. పెళ్లయిన కొత్తలో, ఒక ఆగస్టు నెలలో వాళ్లకు కొడుకు పుట్టాడు. పుట్టి, ఏడవకుండానే పోయాడు. చర్చివాళ్లు మూతపెట్టిన గిన్నెల్లో వంటలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఎలా ఉన్నారయ్యా అని అడిగారు. లోపల మంచం మీదున్న వెర్లాకు డెల్మర్ గొంతు స్పష్టంగా వినబడింది. "పర్లేదండీ." అంతే. గిన్నెలు పుచ్చుకుని తలుపు వేశాడు. వెర్లా ఆ రోజు నుంచి ఆ మాట నోట పలకలేదు. ఎవరైనా పలికితే ఊరుకోలేదు కూడా. డెల్మర్‌తో ఆ సంగతి ఎత్తనూ లేదు. అతను మంచివాడు, పనిమంతుడు, తాగడు, తిట్టడు, మాట్లాడడు.

ఈ ఏడాది మే నెల తర్వాత మేం వాన మొహం చూడలేదు. జులై వచ్చేసరికి పొద్దున్నే మొక్కజొన్న ఆకులు చుట్టుకుపోయి ఉల్లికాడల్లా నిలబడేవి. రాత్రి కూడా వేడి దిగేది కాదు. మొక్క తలన మగపూత ముందే వచ్చి, పుప్పొడి ఎండకు మాడి రాలిపోయింది. ఆ పుప్పొడి పట్టాల్సిన పొత్తు పీచు ఆలస్యంగా బయటికొచ్చింది. పెళ్లికొడుకు లేచి వెళ్లిపోయాక పెళ్లికూతురు పందిట్లోకి వచ్చినట్టయింది. ఇక పొత్తులో గింజ ఎక్కడిది? టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడు మాత్రం తెల్లటి పళ్లు బయటపెట్టి, "ఈ వారాంతం కూడా చక్కటి ఎండ, సరస్సుకు వెళ్లడానికి భలే రోజులు" అన్నాడు. వెర్లా గిన్నెలు తుడిచే తడిగుడ్డ టీవీ మీదకు విసిరింది. అది వాడి మొహం మీదే కాసేపు వేలాడింది.

మొక్కజొన్న పోతే పోయింది, అది డెల్మర్ వ్యవహారం. ఆవులు వెర్లావి. చిన్నప్పుడు జిల్లా సంతలో ప్రదర్శనకని ఆమె చేత్తో పెంచిన ఒక ఎర్రపెయ్య నుంచి వచ్చిన మంద అది. ఒక్క ఆవును కూడా బయట కొనలేదు. మేత బీడు ఎండి, కాలు పెడితే పొడిపొడిగా రాలుతోంది. చలికాలానికని దాచిన గడ్డిచుట్టలు జులైలోనే విప్పేస్తున్నారు. వాగు పక్కన మాత్రం నడుము ఎత్తు గడ్డి ఉంది. పక్షులు గుడ్లు పెట్టుకోవడానికని ప్రభుత్వం చెప్పి వదిలేయించిన నేల అది. జిల్లాలో కరువు ఉందని పైవాళ్లు తేలిస్తే తప్ప అక్కడ కొడవలి పెట్టకూడదు. తేల్చకపోతే గురువారం వేలానికి మంద మొత్తాన్ని లారీ ఎక్కించాలి. డెల్మర్ లారీ అతనితో మాట్లాడేశాడు కూడా. ఆ సంగతి భార్యకు చెప్పడానికి అతనికి రెండు రోజులు పట్టింది.

ఆ సోమవారం ఎల్డన్ ట్రాక్టరుకు బెల్టు అడగడానికి వచ్చాడు. వెర్లా గొడ్ల తొట్లో నీళ్లు పడుతోంది.

"కరువు చూడ్డానికి జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు వదినా" అన్నాడు. "గోదాం దగ్గర మాతో కూర్చుని కాఫీ తాగాడు. మంచి మనిషే."

వెర్లా గొట్టం కింద పెట్టింది. "ఏమడిగాడు?"

"పంటలెలా ఉన్నాయన్నాడు."

"మీరేమన్నారు?"

ఎల్డన్ ఉన్న మూడు వేళ్లతో మెడ గోక్కున్నాడు. "ఏమంటాం? అందరూ అన్నదే నేనూ అన్నా."

"అదే, ఏమన్నావు?"

"పర్లేదన్నా."

"పర్లేదా!" వెర్లా గొంతుకు ఆవులు తలెత్తి చూశాయి. "నీ చేలో పొత్తుకు పది గింజలున్నాయా ఎల్డన్? నీ సోయా మోకాలు దాకా ఎదిగిందా? మొన్న మా గడ్డివాము దగ్గర నిలబడి ఏడవలేదూ నువ్వు?"

"ఏడవలేదు వదినా, దుమ్ము పడింది."

"రెండు కళ్లలో ఒకేసారి పడిందా?"

"ఊరూపేరూ తెలియనోడి ముందు బావురుమనమంటావా ఏంటి? ఇంతకన్నా పాడు ఏళ్లు చూడలేదా మనం?"

"చూశాం. అప్పుడూ ఇదే కూత కూశారు, అప్పుడూ మంద సగం పోయింది. మీ మర్యాద మీరు తినండి. నా ఆవులు తినవు. ఆయన చేలలోకి వెళ్లాడా, అది చెప్పు."

"కార్లో పెద్దరోడ్డు వెంట వెళ్లాడు."

పెద్దరోడ్డు వెంట అంటే వెర్లాకు అర్థమైంది. పోయిన నెలాఖరున ఒక మబ్బుతునక వచ్చి, సరిగ్గా ఆ రోడ్డు పొడుగునా కురిసి పోయింది. అటూ ఇటూ చేలు పచ్చగా నవ్వుతున్నాయి. ఆ వాన మా కంకరరోడ్ల వైపు తొంగి కూడా చూడలేదు. ఇక ఆయన చూసిన ఆ పచ్చదనానికి, కాఫీ దగ్గర అందరూ అన్న పర్లేదు ఒక సంతకం. కరువు అని రాయడానికి ఆ మనిషికి మతిపోయిందా? బెల్టు లేదు పో అని ఎల్డన్‌ను పంపించేసి, వెర్లా లోపలికి వెళ్లి జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసింది. మొదట ఎత్తిన అమ్మాయి ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేసింది. ఎవరినో ఒకరిని తన ఇంటికి పంపే దాకా చేస్తూనే ఉంటానంది. ఉంది కూడా.

మంగళవారం మధ్యాహ్నం అతనే వచ్చాడు, గోదాం దగ్గర కాఫీ తాగిన మనిషి. పేరు కర్బీ నార్లండ్. ముప్పై ఏళ్లుంటాయి, ఎండకు మెడ ఎర్రగా కమిలి ఉంది. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు. అదే కొంప ముంచింది. పొగరుగా వచ్చి ఉంటే వెర్లా నోరు దానంతటది పనిచేసేది. ఇతను వంగి జోళ్లు పక్కకు జరిపి, "లోపలికి రావచ్చాండీ?" అన్నాడు. వెర్లా మంచుముక్కలు వేసిన టీ పోసింది. పెరట్లో పెరిగిన పుల్లటి రేవల్చిన్ని కాడలతో చేసిన మిఠాయి ముక్కలు పళ్లెంలో పెట్టింది. డెల్మర్ బల్ల చివర కూర్చుని టోపీని మోకాలి మీద తిప్పుతున్నాడు.

అతను ఒక ముక్క తిని, బాగుందని తల ఊపి, ఎదురుగా చూస్తూ ఎంతో నెమ్మదిగా అడిగాడు. "అయితే అమ్మా, ఎలా నెట్టుకొస్తున్నారు ఈ ఎండల్లో?"

"పర్లేదు బాబూ" అంది వెర్లా.

ఆమె చెవులకే ఆ మాట ముందు వినబడింది. ఎవరన్నారా అని ఒక్క క్షణం చూసింది కూడా. తల్లి అన్నది, నాయనమ్మ అన్నది, గుమ్మంలో అతిథి నిలబడితే ఈ దేశంలో ప్రతి ఆడదీ అన్నది, ఇన్నేళ్లు పళ్ల బిగువున ఆపింది, అదనుచూసి జారింది. కర్బీ మొహంలో బరువు దిగినట్టయింది. "హమ్మయ్య. నిన్న గోదాం దగ్గరా అందరూ అదే అన్నారు" అని టీ గ్లాసు పక్కన పెట్టి లేవబోయాడు. వెర్లా నోరు తెరిచింది. లోపల బూతులు చాలా ఉన్నాయి, అన్నీ తన మీదే. ఒక్కటీ బయటికి రాలేదు.

అప్పుడు డెల్మర్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు.

"బాగాలేదు" అన్నాడు.

కర్బీ అతని వైపు తిరిగాడు. ఆ ఇంట్లో మగమనిషి ఉన్నాడని అప్పుడే తెలిసినట్టు చూశాడు.

"ఆవిడ పర్లేదంది. అది నిజం కాదు. అది మాకు అలవాటు. రా, చూపిస్తా."

ముగ్గురూ చేలోకి దిగారు. అంచు వరసలు కాస్త పచ్చగానే ఉన్నాయి. డెల్మర్ ఆగలేదు, ఆకులు చేతులకు గీసుకుపోతున్నా నడుస్తూనే పోయాడు. నడిమధ్యకు వచ్చాక గాలి ఆడలేదు. పొత్తు ఒకటి విరిచి పొట్టు ఒలిచాడు. కండె మీద అక్కడో గింజ ఇక్కడో గింజ. ఇంకోటి ఒలిచాడు. దాని మీద అవీ లేవు. కర్బీ తనే నాలుగడుగులు పక్కకు వెళ్లి, తనకు తోచిన చోట ఇంకొకటి విరుచుకున్నాడు. అదీ అంతే.

"రోడ్డు మీంచి ఇది కనబడదు" అన్నాడు డెల్మర్. "ఎల్డన్‌ది ఇంతకంటే అన్యాయం. వాడు చెప్పడు. ఎవడూ చెప్పడు. నువ్వు అడగడం మానేసి లోపలికి దిగి చూడు బాబూ." తర్వాత బీడుకు తీసుకెళ్లాడు. ఆవులు మట్టిలో మూతులు పెట్టి ఏమీ లేని చోట వెతుకుతున్నాయి. "ఇవి మా ఆవిడవి. పిల్లప్పటి నుంచి పెంచింది. గురువారం లారీ ఎక్కితే మళ్లీ ఇలాంటివి రావు. అసలేం బాగాలేదు."

అన్ని మాటలు ఒక్కసారి డెల్మర్ నోట వెర్లా తన కాపురంలో వినలేదు. కర్బీ తలూపుతున్నాడు, ఇంకా ఎవరి చేలు చూడాలో అడుగుతున్నాడు. మంద నిలబడుతుందేమోనన్న ఆశ అప్పుడే పుట్టింది. వెర్లాకు సంతోషం కలగాలి. కలగలేదు. కాళ్ల దగ్గర మొదలైన మంట నెత్తికెక్కింది. వచ్చు ఈ మనిషికి. బాగాలేదన్న మాట ఇతనికి వచ్చు. ఇన్నేళ్లూ దాచుకుని ఆవుల కోసం తీశాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర వెర్లా చేతిలో గిన్నెలు గట్టిగా చప్పుడు చేశాయి. కర్బీ ఆ రోజూ మర్నాడూ కంకరరోడ్ల వెంట ప్రతి చేలోకీ దిగాడని ఊళ్లో చెప్పుకున్నారు. బుధవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. వాగు పక్క గడ్డి కోసుకోవచ్చు. డెల్మర్ లారీ అతనికి వద్దని చెప్పి, యంత్రానికి నూనె పోశాడు.

గురువారం, వేలం జరిగే వేళకు, ఇద్దరూ వాగు పక్కనే ఉన్నారు. డెల్మర్ కోసినదాన్ని వెర్లా ఇంకో ట్రాక్టరు మీద వెనకాలే వరసలు పోగు చేస్తోంది. వాగుకు అవతల ఎల్డన్ తన గడ్డి తను కోసుకుంటున్నాడు. సిగ్గు లేకుండా, అనుకుంది వెర్లా. నీళ్లు తాగడానికి ఆగినప్పుడు అతను అటువైపు నుంచి చెయ్యెత్తి అరిచాడు.

"ఎలా ఉందన్నా, గడ్డి?"

"పర్లేదు!" అన్నాడు డెల్మర్.

వెర్లా ట్రాక్టరు ఆపేసి దిగింది. మోడులు తొక్కుకుంటూ మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఆవుల కోసం చెప్పావు" అంది. "వాడి కోసం చెప్పలేదు."

ఏ వాడని డెల్మర్ అడగలేదు. టోపీ తీసి లోపలి పట్టీ తుడిచాడు. "నాకప్పుడు రాలేదు వెర్లా."

"రాకపోవడమేంటి? అంత పెద్ద మాటా అది? గుమ్మంలో అంతమంది నిలబడి అడిగితే పర్లేదన్నావు. నేను లోపల విన్నాను. నా పాలు ఇంకకముందే విన్నాను. మొన్న ఆ కుర్రాడి ముందు వచ్చిందిగా! అయితే ఇప్పుడు చెప్పు. ఆ రోజు ఎలా ఉంది నీకు?"

డెల్మర్ వాగు వైపు చూశాడు. వెర్లా కదల్లేదు.

"బాగాలేదు" అన్నాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, "ఇప్పటికీ బాగాలేదు" అన్నాడు.

వెర్లా పిడికిలి బిగించి అతని రొమ్ము మీద ఒక గుద్దు గుద్దింది. గట్టిగానే గుద్దింది. "ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే అనుకున్నాను కదయ్యా" అంది. నీళ్ల కూజా అతని చేతిలో కుక్కి, వెనక్కి తిరిగింది.

"వదినా!" అని అవతలి గట్టు నుంచి అరిచాడు ఎల్డన్. "ఏమైంది? అంతా పర్లేదా?"

"లేదు!" అని అరిచింది వెర్లా, వెక్కిళ్ల మధ్య. "నీ గడ్డి నువ్వు కోసుకో!"