రెండువైపులా రాసిన కాగితాలు

మా చరిత్ర సారు పోయారని నాయుడుపేట నుంచి ఫోను వచ్చినప్పుడు నేను పడవకు తారు పూస్తున్నాను. చేతులు తుడుచుకునేలోపే మా పాళెం పెద్దకాపు వచ్చి నిలబడ్డాడు. కబురు ఆయనకు ముందే అందింది.

"అబ్బయా, మీ నాయన చెప్పిన కాగితం ఆ ఇంట్లో ఉండాది గదా. వచ్చే నెల హద్దు మాటలు. అది అవతలోళ్ళ చేతికి పోతే మనకు నోరుండదు. తీసుకొచ్చేయ్."

సారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. మేం చేపలు పట్టే సరస్సులో రాష్ట్రాల హద్దు దగ్గర మాకూ తమిళోళ్ళకూ జరిగిన గొడవలన్నీ ఏళ్ళ తరబడి రాసుకున్నారు. కాగితానికి ముందువైపు మా మాట, వెనకవైపు వాళ్ళ మాట. వాళ్ళన్నది మాకు చదివి వినిపించేవారు. మేమన్నది వాళ్ళకు అరవంలో.

ఒకసారి మావాళ్ళకు ఒళ్ళు మండింది.

"మా పులుసు తిని వాళ్ళ మాట చదవతా ఉండావే సారూ!"

"పులుసు బాగుందబ్బా. అక్కడ ఉప్పెక్కువ," అన్నారాయన. "మీకు కోపమొచ్చే మాట నేను దాస్తే, రేపు వాళ్ళ దగ్గర మీ మాటా దాస్తాను. సరేనా?"

అందరూ నవ్వారు. మా నాయన నవ్వలేదు. జనం లేచిపోయాక, నేనూ పెద్దకాపూ మిగిలి ఉండగా చెప్పాడు: "ఆ పెద్ద గొడవ పొద్దు హద్దు దాటి ముందు వాళ్ళ వల కోసినోణ్ణి నేనే." సారు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే నాయన పోయాడు. సారూ మంచం పట్టారు.

సారు కర్మ రోజు పెద్దకాపును బండి మీద ఎక్కించుకుని వెళ్ళాను. సారు భార్య కాగితాల పెట్టె తాళం నా చేతిలో పెట్టింది.

"కాలేజీ లైబ్రరీకి ఇవ్వమన్నారు నాయనా. నువ్వే సర్దు," అని లోపలికి వెళ్ళింది.

నాయన కాగితం దొరికింది. మడిచి జేబులో పెట్టుకోబోతూ తిప్పి చూశాను. వెనక అరవం, దాని కింద సారు తెలుగు. సారు మంచం పట్టడంతో మా పాళెంలో చదవకుండా మిగిలిపోయిన మాట అది. "మా పడవ తిరగబడింది. వల కోసినవాడే నన్ను నీళ్ళలోంచి లాగి మా ఒడ్డున దించాడు."

ఆ సంగతి నాయన ఎన్నడూ చెప్పలేదు. కాగితం ఎక్కడిదక్కడ పెట్టి పెట్టెకు తాళం వేశాను.

బయట పెద్దకాపు అడిగాడు. "తీసినావా?"

"లేదు మామా. వెనకవైపు కూడా ఉండాది. నువ్వొకసారి చదువు."

ఆయన లోపలికి వెళ్ళలేదు. బండెక్కితే నా భుజం పట్టుకుని కూర్చునే మనిషి, ఆ రోజు పాళెం దాకా వెనక కమ్మీ పట్టుకున్నాడు.