కళ్లు తెరిచి చేసే ప్రార్థన

ఆమెన్ మేస్త్రికి ఒకటే జబ్బు: ప్రార్థన కళ్లు తెరిచే చేస్తాడు. లోకమంతా కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే, ఈయన మాత్రం కళ్లు పత్తికాయల్లా చేసుకుని చుట్టూ చూస్తాడు. చూసింది చూసినట్టు దేవుడికి అప్పజెప్తాడు.

"ప్రభువా, ఈ అన్నం పెట్టినందుకు స్తోత్రం. పిల్లి పాలగిన్నె దగ్గరికి పోతోంది. ఆమెన్!"

ఇంట్లో భోజనం ముందు ప్రార్థన ఇదీ. ఆ ఆమెన్ వినగానే పారిపోవడం పిల్లికి కూడా అలవాటైపోయింది.

చర్చిలో పాస్టరు గారు ఒకసారి పొరపాటున ఆయన్నే ప్రార్థన చెయ్యమన్నారు. "ప్రభువా, ఆ మూల ఫ్యాను ఊగుతోంది. దాని కింద కూర్చున్న అక్కయ్యను కాస్త జరుపు తండ్రీ" అన్నాడు మేస్త్రి. అక్కయ్య దేవుడు జరిపేదాకా ఆగలేదు. ఆవిడతోపాటు ఆ వరుసంతా లేచింది.

"కళ్లు మూసుకుని చెయ్యొచ్చుగా మేస్త్రీ?" అన్నారు పాస్టరు గారు, నవ్వాపుకోలేక.

"భయమండీ. నేను మూస్తే ఏదో ఒకటి పడిపోద్ది."

అసలు సంగతి భయమే. ఎత్తు గోడలకు ప్లాస్టరింగ్ చేసే మనిషికి ఎత్తంటే హడలు! ఆ భయం కొడుకుకీ వచ్చింది. తండ్రి దగ్గరే పని నేర్చుకున్న పెద్దోడికి పరంజా మీద నిలబడి కిందికి చూస్తే పేగులు నోట్లోకొచ్చినట్టుండేది. కడుపు కోసం ఎక్కేవాడు.

రోజూ ఎక్కే ముందు కర్రలూ తాళ్లతో కట్టిన ఆ పరంజా కింద మేస్త్రి అందర్నీ నిలబెట్టేవాడు. తలలు వంచించి, తను మాత్రం తలెత్తి మొదలుపెట్టేవాడు. ఒక్కొక్కరి పేరూ చెప్పేవాడు, ఒక్కొక్క కట్టూ చెప్పేవాడు.

"ప్రభువా, ఎడమపక్క తాడు నలిగింది, కట్టినోణ్ణి క్షమించు. సిమెంటు కలిపే బావకి ఒళ్లు కాలుతోంది, ఇవాళ ఆయన్ని నీడలో కూర్చోబెట్టు..."

"ఒరే పెద్దోడా," అనేవాడు సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ, "మీ నాన్న ఆమెన్ అనేలోపు పక్క బిల్డింగులో జనం కాపురాలకొచ్చేట్టున్నారు!"

అందరూ నవ్వేవాళ్లు. పెద్దోడికి చెవులు వేడెక్కేవి.

పోయిన వానాకాలం జ్వరమొచ్చి మేస్త్రి పోయాడు. సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే చెల్లెలు పెద్దోడి చెవిలో గొణిగింది: "అన్నయ్యా, ప్రార్థనలో నాన్న కళ్లు మూసుకోవడం ఇదే మొదటిసారి." ఏడుస్తూనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

వారం తిరక్కుండా పెద్దోడు పనిలోకొచ్చాడు. రాత్రంతా వాన. పరంజా కర్రలు నల్లగా తడిసి, పైన ఎక్కడో కిర్రుమంటున్నాయి. గాలి కొడితే మొత్తం ఊగుతోంది.

"ఎక్కండెక్కండి!" అన్నాడు సూపర్‌వైజరు. "వాన మళ్లీ వచ్చేలోపు పైగోడ అయిపోవాలి."

ఎవరూ కదల్లేదు. అందరూ పెద్దోడి వైపే చూశారు. ఇన్నాళ్లూ ముందు నాన్న గొంతు వినపడేది, తర్వాతే కాలు పైకి లేచేది. ఇవాళ ఆ గొంతు లేదు.

"ప్ర... ప్రభువా..." అన్నాడు, భయంతో కళ్లు గట్టిగా మూసుకుని.

పక్కనుంచి ఎవరో డొక్కలో పొడిచారు. సిమెంటు కలిపే మామ.

"కళ్లు తెరువురా సన్నాసీ!"

"ప్రార్థన, మామా..."

"మీ నాన్న ఊరికే తెరిచేవాడనుకున్నావా? పరంజా చూసుకుంటాం ఆగండంటే ఈ సూపర్‌వైజరు ఒక్కనాడైనా ఆగేవాడా? ప్రార్థన ఆపమని మాత్రం ఏ సూపర్‌వైజరూ అనలేడు. నాకు జ్వరమొచ్చిన రోజు నన్ను నీడలో కూర్చోబెట్టింది దేవుడే, కాదన్ను. కానీ ఆయనకి కబురు మోసింది మీ నాన్నేరా!"

పెద్దోడు కళ్లు తెరిచాడు. తలెత్తాడు. కింద నుంచి ఒక్కో కట్టూ చూసుకుంటూ పోయాడు, నాన్న చూసినట్టే. పై వరుసలో, సరిగ్గా తను నిలబడాల్సిన పలక కింద, తాడు పీచులై వేలాడుతోంది.

"ప్రభువా," అన్నాడు, ఈసారి గొంతు పెంచి, "పై వరుసలో తాడు తెగబోతోంది. అది మార్చేదాకా మా సూపర్‌వైజరు గారికి ఓపికివ్వు. ఇలాంటి నాన్నని మాకిచ్చినందుకు నీకు వందనాలు. ఆమెన్."

"ఆమెన్!" అన్నారు అందరూ, పక్క బిల్డింగు దాకా వినపడేట్టు.

సూపర్‌వైజరు పైకి చూశాడు. చూసి, నెత్తిమీది టోపీ తీశాడు.

"ఆమెన్" అన్నాడు మెల్లగా. "కొత్త తాడు తీసుకురండ్రా." పెద్దోడి వైపు తిరిగి, "రేపట్నుంచి కొంచెం కుదించుకోరా బాబూ!" అన్నాడు.

"చెప్పలేనండీ," అన్నాడు పెద్దోడు, ఇంకా పైకే చూస్తూ. "వానాకాలం కదా."