ఐస్ పెట్టె మీద మసి

మా సైన్స్ టీచరమ్మ మొన్న పోయారు. కిడ్నీలు పాడయ్యాయని అందరిదీ ఒకటే మాట. ఎందుకు పాడయ్యాయని అడిగినవాడు ఒక్కడూ లేడు. తర్లుపాడు దారిలో ఆమె ఇంటి వెనకే పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉంది. నాకు ఒళ్ళు మండుతోంది, అందుకే రాస్తున్నాను.

ఆమె పాఠం చెప్పే తీరే వేరు. పలకల క్వారీ నుంచి రాతిదిమ్మ తెప్పించి, ఉలి పెట్టి మా ముందే పొరలుగా విడదీసేవారు. "చూడండిరా, మంచుకొండలు గూడ ఇట్లనే. ఏ ఏటి మంచు ఆ ఏటి పొర. ఆ ఏడు ఎవరన్నా సీసం కరిగిస్తే ఆ పొగ గాలికి పోయి ఆ పొరలో కూచుంటది. ఎప్పుడో రెండు వేల ఏండ్ల కింద సీసపు రాయి కరిగించి వెండి తీసేదానికి కొలిమి పెట్టినోళ్ళు గూడ అట్లనే దొరికిపోయినారు" అనేవారు. పెట్రోల్లో సీసం మానేశాక పై పొరల్లో అది తగ్గిందని చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. "మానుకుంటే తగ్గుతది, అంతే" అనేవారు. ఎందుకని అడగడం నాకు నేర్పింది ఆమే.

షెడ్డు పక్కన మేసిన మేకలు వరసగా చచ్చినప్పుడు, పోలేరమ్మకు కోపమొచ్చిందని ఊళ్ళో కొలుపు చేశారు. పొట్టేలును ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆ షెడ్డు ఓనరే! పొంగళ్ళకు నీళ్ళు పట్టిందీ ఆ షెడ్డు బోరు దగ్గరే. టీచరమ్మ పొయ్యిలకు అడ్డం నిలబడ్డారు.

"అమ్మవారిని ఎందుకప్పా ఆడిపోసుకుంటారు? మేకల్ని చంపింది సీసం. ఈ నీళ్ళతో వండింది పిల్లోళ్ళకు పెట్టొద్దు."

"ఏంది టీచరమ్మా, అమ్మోరి ప్రసాదాన్ని ఇసమంటావా? రుజువేది?" అని ఓనరు నవ్వాడు. ఊరూ నవ్వింది. పిల్లలు ఆ పొంగలి తిన్నారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు గానీ, ఆమె చేను పండనేలేదు. నీళ్ళు పరీక్ష చేయించమని ఆమె తిరగని ఆఫీసు లేదు. చూస్తామన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

చావుకు అందరికంటే ముందు వచ్చింది ఆ ఓనరే. శవాన్ని ఉంచే ఐస్ పెట్టె కూడా తనే తెప్పించాడు. "మా టీచరమ్మ దేవతప్పా" అంటూ పెద్ద దండ వేశాడు. దాన్ని తీసి అవతల పారేయబోయాను. ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా, చావింట్లో గలాటా వద్దు."

ఆ రోజు కూడా షెడ్డు ఆపలేదు. పెట్టె అద్దం మీద మసి పడుతుంటే ఆ చెల్లెలే తువ్వాలుతో తుడిచింది. మేము పాడె కట్టి వచ్చేసరికి ఇంకో పొర పడి ఉంది.