నా తాళం నన్నే రానివ్వని రోజు

తుఫాను వచ్చేటప్పుడు ముందే హెచ్చరిస్తారు. నేను వచ్చేటప్పుడు ఎవరూ హెచ్చరించరు. అందుకే వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగిన రోజున, వాకాడు దగ్గర మా మేనమామ ఊళ్లో నేను చేసిన విధ్వంసానికి ఎవరూ సిద్ధంగా లేరు. పాపం, చేపలు కూడా.

మా శీనయ్య మామ ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, ఐస్ పెట్టెల్లో సర్ది, హోటళ్లకి పంపిస్తాడు. ఆ వ్యాపారమంతా ఒక్క ఫోన్ మీద నడిచేది. అది మోగితే అన్నం తింటూ ఎడమచేత్తో ఎత్తుతాడు. స్నానం చేస్తుంటే తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎత్తుతాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, ఆఫీసు పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు కదా అని, అత్త పులుసు మీద ఆశతో ఇక్కడికొచ్చిన నాకు ఆ మోత పడలేదు. (నా ఫోన్ రోజంతా నా చేతిలోనే ఉంటుంది. అది వేరే విషయం. నాది సైలెంట్‌లో ఉంటుంది.)

"మామా, నీకో వెబ్‌సైట్ చేసిస్తా. ఏ చేప ఎంతుందో రోజూ అందులో పెడతా. కావలసినవాళ్లు అక్కడే ఆర్డర్ పెట్టుకుంటారు," అన్నాను.

"దాన్ని యాడ పెడతావు అమ్మణ్ణీ?"

"మన ఇంట్లోనే. నా పాత ల్యాప్‌టాప్‌లో."

"ఇంట్లోనే ఉండేదానికి అదెందుకు? నేనుండాను గదా చెప్పేదానికి."

నేను వినలేదు. వినే అలవాటు ఉంటే ఈ కథే ఉండేది కాదు. ల్యాప్‌టాప్‌ని ఫ్రిజ్ మీదికి ఎక్కించి, ఇంటర్నెట్ పెట్టె నుంచి వైరు లాగి, సర్వర్‌గా మార్చేశాను. అత్త దానికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. పడవ ఇంజనుకి పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్ట, అంది.

ఇక సెక్యూరిటీ సర్టిఫికెట్. ఈ సైటు అసలుదే, నమ్మొచ్చు అని బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు అది. మొదట నేను ఆ తిప్పలేమీ పడకుండా నా సర్టిఫికెట్ నేనే రాసుకున్నాను. అంటే పరీక్ష రాసి, పేపరు కూడా నేనే దిద్దుకుని, నూటికి నూరు వేసుకోవడమన్నమాట. ఫోన్లు ఊరుకుంటాయా? సైటు తెరిచినవాళ్లందరికీ ఎర్రగా హెచ్చరిక చూపించాయి. మామకి అందరికన్నా పాత ఖాతాదారు, నాయుడుపేటలో హోటల్ నడిపే మస్తాన్ భాయ్, ఆ హెచ్చరికని పక్కకి నెట్టి లోపలికి వచ్చేసి, వెంటనే ఫోన్ చేశాడు.

"పాపా, మీ వాకిట్లో కుక్క మొరగతా ఉండాది. అదిలిస్తే పక్కకి పోయింది. అదేం కాపలా?"

నా చెవుల్లోంచి పొగలు వచ్చాయి. ఆ సాయంత్రమే ఆ సంస్థ నుంచి అసలైన సర్టిఫికెట్ తెచ్చాను. మూడు నెలలు పనిచేస్తుంది, గడువు దగ్గరపడితే సర్వరే దాన్ని కొత్తది చేయించుకుంటుంది. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? సర్టిఫికెట్ సరిగా లేని రోజున ఎవడూ హెచ్చరికని పక్కకి నెట్టి రాకూడదని ఒక రూలు పెట్టాను. సైటుకి ఒకసారి వచ్చిన ప్రతి ఫోనూ ఆ రూలుని గుర్తుపెట్టుకుంటుంది. పైగా, ఏ సైటుకైనా తాళం లేని పాత దారి ఒకటి ఉంటుంది, దాన్ని కూడా పూర్తిగా మూసేశాను. ఇక రమ్మను మస్తాన్ భాయ్‌ని, అదిలించమను.

నెల తిరిగేసరికి, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు పెట్టే వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డెక్కాయి. చేపలు లేవు కాబట్టి సైటు ముఖం చూసినవాళ్లు లేరు, నాతో సహా. నేను రోజంతా ఫోన్ చూశాను, సైటు తప్ప అన్నీ చూశాను.

నిషేధం ముగిసింది. మొదటి వేట చేపల కోసం హోటళ్లన్నీ కాచుకుని ఉన్నాయి. ముందురోజే మామ ఫోన్‌లోంచి అందరికీ మెసేజ్ పెట్టాను: ఇకనుంచి ఫోన్లు వద్దు, ఆర్డర్లు సైటులోనే. తెల్లారి మామ వేలానికి బయల్దేరుతుంటే ఆ ఫోన్ కూడా లాక్కుని, సైలెంట్‌లో పెట్టి, బీరువాలో పడేశాను. చెయ్యి తెగినట్టు చూశాడు మామ. "నన్ను నమ్ము మామా," అన్నాను.

నమ్మాడు. ఆ నమ్మకంతోనే వేలంలో ఎప్పుడూ లేనంత పాడుకొచ్చాడు. వంజరం, చందువా, రొయ్యలు. వాకిలంతా ఐస్ పెట్టెలు. ఎండ ముదిరేలోపు అవన్నీ కదలాలి.

"ఆర్డర్లు ఎన్నొచ్చినాయి అమ్మణ్ణీ?"

ఒక్కటీ రాలేదు. అనుమానంతో నా ఫోన్‌లోనే సైటు తెరిచాను. ఎర్రటి హెచ్చరిక. సర్టిఫికెట్ గడువు అయిపోయిందట. పక్కకి నెడదామంటే నెట్టే దారే లేదు. రూలు పెట్టింది ఎవరు? నేనే.

సర్వర్‌ని కొత్త సర్టిఫికెట్ తెమ్మన్నాను. కుదరలేదంది. మళ్లీ కొట్టాను. కుదరలేదంది. నాకు ఒళ్లు మండి, లిఫ్టు బటన్ పొడిచినట్టు మళ్లీ మళ్లీ పొడిచాను. కిందనున్న కారణం అప్పుడు చదివాను. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ముందు మన సర్వర్ దాకా వచ్చి, ఇల్లు చూసినట్టు చూసి వెళ్లాలి. వాళ్లు వచ్చేది నేను మూసేసిన ఆ పాత దారిలోనే. నిషేధం నడుమ వచ్చారట, తలుపు కొట్టారట, వెళ్లిపోయారట. పరుగున ఆ దారి తెరిచి మళ్లీ అడిగాను. చాలాసార్లు తప్పు చేశావు, గంట ఆగి రా అన్నారు.

"ఏమైంది?" అన్నాడు మామ.

"గంట ఆగమంటున్నారు."

మామ ఐస్ పెట్టెల కింద కారుతున్న నీళ్లవైపు చూశాడు. "వాళ్లు ఆగమంటారు. వంజరం ఆగుద్దా?"

అత్త అప్పటికే పులుసుకి చింతపండు నానబెట్టడం మొదలుపెట్టింది. ఎంత నానబెడుతోందో చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఊరందరికీ సరిపోయేంత.

అంతలో వీధి మలుపులో వ్యాను హారన్. మస్తాన్ భాయ్ చెప్పులు కూడా లేకుండా దిగాడు. వెనకే గూడూరు నుంచి ఇంకొకరు, వాకాడు నుంచి బైకుల మీద ముగ్గురు.

మస్తాన్ భాయ్ మామ భుజాలు పట్టుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. "బాగుండావా శీనన్నా?"

"నాకేమైంది?"

"సైటు రానియ్యలా. ఫోన్ చేస్తే ఎత్తలా. స్నానంలో ఉన్నా ఎత్తేవాడివి గదా నువ్వు. సముద్రం తెరిచిన మొదటి రోజు, ఏమనుకోవాల మేము?"

మామ వేలు నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఫోన్ బీరువాలో ఉందని నేనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

వచ్చినవాళ్లు వచ్చినట్టే పెట్టెలు ఎత్తుకున్నారు. వాళ్లు ఆగమన్న గంట గడిచేసరికి వాకిట్లో తడి తప్ప ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడు కొత్త సర్టిఫికెట్ వచ్చింది. సైటు తళతళలాడుతూ తెరుచుకుంది, అమ్మడానికి ఒక్క రొయ్య కూడా లేకుండా.

"అమ్మణ్ణీ," అన్నాడు మామ, "చెడిపోతే ఇంత యాపారం జరుగుద్దని చెప్పుంటే, రోజూ చెడగొట్టుకునేవాళ్లం గదా."

నేను గడ్డం ఎత్తే ఉంచాను. ఎందుకు దించాలి? నేను వేసిన తాళాన్ని ఆ ఉదయం ఎవరూ దాటలేకపోయారు, చేసిన నేను కూడా. కాపలా అంటే అదీ. ఆ మాటే మస్తాన్ భాయ్‌తో అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు, కుక్కని మార్చినావు పాపా అన్నాడు. నా ముందే నిలబడి సైటు తెరిచి, రేపటికి ఆర్డర్ పెట్టాడు. ఆ రోజుకి అదొక్కటే. వంజరం అని రాసి, కింద సూచనల గడిలో ఇంకో మాట చేర్చాడు: "ముందు శీనన్న ఫోన్ బయటికి తియ్యండి."

బీరువా తెరిచి ఫోన్ తీశాను. తెర నిండా ఎత్తని కాల్స్.

కాబట్టి కుంకుమ బొట్టు పెట్టుకున్న నా సర్వర్ మీద చెయ్యి వేసి, సముద్రం సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఎర్రర్ వచ్చినా చివరిదాకా చదువుతాను. మామ ఫోన్‌ని ఏ బీరువాలోనూ పెట్టను. ఆ ఎర్ర హెచ్చరికని మాత్రం, వచ్చే ఏడు వేట మొదలయ్యే రోజున, మామ అడిగితే ఒక్క గంటసేపు పెట్టే విషయం ఆలోచిస్తాను.