ముక్కాయన “ఊఁ” అంటే

వీధి మలుపులో ముక్కు కనిపిస్తే మనిషి ఇంకా ఇంట్లో చొక్కా తొడుక్కుంటున్నాడని లెక్క. గుగ్గిలం గోదాములో అందరూ ఆయన్ని ముక్కాయన అనేవారు. మూట విప్పకుండానే ఆ బంక ఏ చెట్టుదో, ఆ చెట్టును గీసినవాడికి పడిశం ఉందో లేదో చెప్పేవాడట! కోతలు ఎలా ఉన్నా, ఆయన వాసన చూసి “ఊఁ” అంటేనే సరుకు డబ్బాకెక్కేది.

గుగ్గిలాన్ని ఎండలో పోస్తే పైన పెచ్చు కడుతుంది, వాసన ఎగిరిపోతుంది, లోపలి తడి మాత్రం కదలదు. నీడలో, తట్టల మీద, రోజూ తిరగేస్తూ పన్నెండు రోజులు ఆరబెట్టాలి. పచ్చిగా మూత పెడితే డబ్బాలోనే చెమర్చి బూజు పడుతుంది. పచ్చి వాసన పోయిందో లేదో ముక్క విరిచి తేల్చేది ఆయనే.

కిందటి వానాకాలం వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసన పట్టే శక్తిని వెంట తీసుకుపోయింది. కాఫీ, కిరసనాయిలు ఒకటే అయ్యాయి. ముక్కు పోయిందని ముక్కాయన ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? ముక్క విరిచి, కళ్లు మూసుకుని, “ఊఁ” అంటూనే వచ్చాడు.

ఆయన వదిన ఆ గుగ్గిలంతో కీళ్లనొప్పుల లేపనం చేసి అమ్మేది. ఒకరోజు గోదాము డబ్బా చంకన పెట్టుకొచ్చి మూత తీసింది. తట్టల దగ్గరి ఆడవాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. ఆయనొక్కడే డబ్బా మీదికి వంగి నిలబడ్డాడు.

“చూశావా మరిదీ, నా నిర్వాకం! నీ సరుక్కి వంక పెట్టను. నేనే తడిచేత్తో ముట్టుకునుంటా. డబ్బాలన్నీ తోమి తోమి నడుం పట్టేసింది. నా లేపనం నేనే రాసుకుంటున్నా!”

“చేతులు తుడుచుకోవాలి మరి, వదినా” అన్నాడు. అన్నాక చెవులు కాలిపోయాయి.

ఆమె నడుం పట్టుకుని గేటు దాకా వెళ్లింది. ఆయన పరుగున వెళ్లాడు.

“వదినా, తప్పు నీ చేతిది కాదు. నా ముక్కుది. వానాకాలం నుంచి పనిచెయ్యట్లేదు.”

“ఇది కొత్త కోతా?” అని నవ్విందామె.

ఆయన డబ్బా తీసుకుని అందులో ముఖం పెట్టాడు. “కంపు కొడుతోందా? ఒట్టు, నాకు తెలియట్లేదు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇలాంటివి ఎన్ని పంపావు?”

“నీది కాక పదకొండిళ్లకి.”

“అయితే పదకొండు మంది చేతులు తోముకుంటూ ఉంటారు. పో, నువ్వే చెప్పిరా. నన్ను తుడుచుకోమన్నావే, ఆ నోటితోనే.”

మొదటి ఇంట్లో మందులు నూరే ముసలాయన ఆయన్ని చూడగానే ఒక డబ్బాను కాలితో బల్ల కిందికి తోశాడు.

“మీరే వచ్చారా! బంగారంలాంటి సరుకిస్తే నేనే పాడుచేసుకున్నానండీ. ఏమీ అనుకోకండి.”

నేల చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. ముక్కాయన వంగి, బల్ల కింది డబ్బాను బయటికి లాగి, తలెత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకా పదిళ్లున్నాయి.