సిస్టరమ్మ తొక్కల డ్రమ్ము

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసిన మనిషికి ఇల్లు కూడా థియేటరే. సిస్టరమ్మ తలుపు తీస్తే మోచేత్తోనే తీస్తుంది. ఆ బిల్డింగులో పన్నెండు వాటాల వాళ్ళూ ఆవిడ అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. పిల్లాడికి జ్వరమొచ్చినా సిస్టరమ్మే, కుక్కకి కాలు బెణికినా సిస్టరమ్మే.

అలాంటి మనిషి రిటైరైన ఏడాదికి చెత్త మీద పడింది! ఊరికే పడలేదు. థియేటర్లో రోజుకెన్ని సంచులు మూతికట్టి బయటికి పంపిందో ఆవిడకి తెలుసు. అక్కడ ఒకసారి వాడింది పారేయాల్సిందే, ప్రాణాలతో పని. మరి ఇంట్లో ఎవరి ప్రాణం మీదికొచ్చిందని ఇంతింత పారేస్తున్నాం అని ఒకరోజు గట్టిగా తట్టింది. ఇక చూస్కోండి. కొట్టుకెళ్తే సొంత డబ్బాలు, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకి, పాత దుప్పటి చింపి తుడిచే గుడ్డలు. కూడా ఉండే చెల్లెలు బట్టలు కుడుతుంది, నోరు కూడా కత్తెరే.

"అక్కా, పాతబడ్డానని నన్ను కూడా చింపి మసిగుడ్డ చేసేవు!"

"నువ్వు దేనికీ పనికిరావే, నీళ్ళు పీల్చవు," అంది సిస్టరమ్మ.

డబ్బాలతో ఆగలేదు. "ముప్ఫై ఏళ్ళు పారేశాను. పారేసినదాంతో ఒక్కటైనా పనికొచ్చేది ఈ చేతులతో చేసి చూడాలి. లేకపోతే నాకు తోచదే," అని చెల్లెలితో చెప్పి, డాబా మీద చిల్లులు కొట్టిన పెద్ద డ్రమ్ము పెట్టించింది. బక్కెట్టు పట్టుకుని మెట్లెక్కి దిగి వాటా వాటాకీ తిరిగి తొక్కలూ కాడలూ పోగుచేసి అందులో వేయడం మొదలుపెట్టింది. ఎరువవుతుందని ఆవిడ ఆశ.

అసోసియేషన్ సెక్రటరీకి ఆ ఆశ నచ్చలేదు. "నెల రోజులు టైమిస్తున్నా, సిస్టరమ్మగారూ. ఈలోగా కంపు కొట్టిందో, డ్రమ్ము కిందికి దిగుతుంది. మళ్ళీ ఆ ఊసెత్తకూడదు," అని అందరిముందూ తేల్చేశాడు. ఆవిడ ఊఁ అంది.

ఇరవై రెండు రోజులు గడిచాయి. తొక్క తొక్కలాగే ఉంది! వేడి పుట్టాలట, నల్లబడాలట, మట్టివాసన రావాలట. ఇక్కడ చూస్తే ఏదీ లేదు. అడుగున నీరు చేరి, ముక్కు ముడుచుకునే వాసన మాత్రం మొదలైంది. సిస్టరమ్మకి అన్నం సహించడం లేదు. రోజుకి మూడుసార్లు డాబా ఎక్కి మూత తీసి చూసి, మొహం వేలాడేసుకుని దిగుతోంది.

ఇరవై మూడో రోజు సాయంత్రం కింది వాటాలో ఉండే బేకరీ కుర్రాడు, సిస్టరమ్మ తమ్ముడూ అని పిలిచేవాడు, గుడ్డుపెంకులు ఇద్దామని పైకొచ్చాడు. డ్రమ్ములోకి తొంగిచూసి, గాలి గట్టిగా పీల్చాడు.

"అక్కా, ఇందులో ఏం పోస్తున్నావు?"

"ఏం పోస్తాను? నువ్వూ వాళ్ళూ ఇచ్చినవే."

"కాదు కాదు, ఇంకేదో వాసన."

"ఓ, అదా! రోజూ సాయంత్రం లోపలి గోడలు ఫినాయిలుతో తుడిచి, పైన ఒక మూతెడు చల్లుతాను. శుభ్రంగా ఉండొద్దూ?"

బేకరీ తమ్ముడు పెంకుల సంచి కింద పెట్టి నెత్తి మీద చెయ్యేసుకున్నాడు. "అక్కా! నా పిండి పొంగేది అందులో ఉండే పురుగు పుణ్యాన. కంటికి కనపడనంత చిన్నది. నీ తొక్కల్ని మట్టి చేసేదీ అలాంటిదే. పొద్దున పుట్టినదాన్ని సాయంత్రం చంపేస్తుంటే ఇంకెలా?"

సిస్టరమ్మ అక్కడే పిట్టగోడ మీద కూలబడింది. అలవాటులో పొరపాటు! ముప్ఫై ఒక్క ఏళ్ళు సూక్ష్మజీవి మీద యుద్ధం చేసిన చెయ్యి, ఆవిడనడక్కుండానే సీసా మూత తిప్పేసింది. "నా కొంప నేనే ముంచుకున్నాను కదరా," అని నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మరునాడు తెల్లారేసరికి సిస్టరమ్మ నిజంగానే ఆకుల వెంట పడింది. వీధి ఊడ్చే ఆమెని బతిమాలి రెండు బస్తాల ఎండుటాకులు తెచ్చింది. డ్రమ్ము ఖాళీ చేసి మంచినీళ్ళతో కడిగింది. ఎండుటాకులు, తాజా తొక్కలు, పాత కుండీల మట్టి వరసలుగా వేసి, ఆ కంటికి కనపడని జీవి మళ్ళీ పుట్టాలని పైన పుల్లమజ్జిగ చిలకరించింది. చెల్లెలు కుట్టుపని మానేసి తానే మజ్జిగ పట్టుకొచ్చింది, ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. అది ఆ ఇంట్లో ఎన్నడూ ఎరగని వింత.

ఇరవై ఎనిమిదో రోజు. బాగా చలిగా ఉన్న ఉదయం. సిస్టరమ్మ మూత తీసి, పుల్లతో ఒక్కసారి కలిపింది. గుప్పున తెల్లటి ఆవిరి లేచింది! అంతే, ఒంటికాలి మీద గంతేసి, మెట్లంట పరుగెత్తి, తలుపు తలుపూ బాదేసింది.

"రండర్రా! పొగలొస్తున్నాయి! డ్రమ్ము కాలిపోతోంది!"

ఈ మాట విని కదలని వాడుంటాడా? తువ్వాలు చుట్టుకున్నవాళ్ళు, నోట్లో బ్రష్షున్నవాళ్ళు పొలోమని పైకెక్కారు. అందరికన్నా ముందు సెక్రటరీ, చేతిలో నిండు బక్కెట్టు. డ్రమ్ములోంచి ఆవిరి లేస్తోంది. "నే చెప్పలేదూ! పక్కకి తప్పుకోండి!" అని నీళ్ళు ఎత్తాడు. ఒక్క బక్కెట్టు పడితే ఆ వేడి చచ్చిపోతుంది, మళ్ళీ పుట్టించడానికి గడువు లేదు.

సిస్టరమ్మ అడ్డం నిలబడింది. "పొయ్యకండి! అది నిప్పు కాదు!" అని అరిచి, ఆయన నమ్మకపోయేసరికి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, తొక్కల్లోకి మోచేతిదాకా దింపింది. వట్టి చెయ్యి. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అలాంటి పని చేయలేదు. వేలి చివరలకి వేడి, కాచిన నీళ్ళ వేడి కాదు, బతికున్న ఒంటి వేడి. జ్వరం చూసిన చేతికి ఆ సంగతి తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక సిగ్గూ లేదు, మొహమాటమూ లేదు. రెండో చేత్తో సెక్రటరీ మణికట్టు పట్టుకుని లోపలికి లాగేసింది.

బక్కెట్టు కింద పడింది, నీళ్ళన్నీ చెల్లెలి కాళ్ళ మీద. ఆయన చెయ్యి వెనక్కి తీయబోయి ఆగాడు. ఆయన ముక్కు డ్రమ్ము అంచుకి జానెడు దూరంలో ఉంది. ఒకసారి పీల్చాడు. అనుమానంగా ఇంకోసారి పీల్చాడు. వానకి తడిసిన నేల వాసన.

"ఇదంతా మనం పారేసే తొక్కలేనా?" అన్నాడు మెల్లగా.

"అందరివీ ఉన్నాయండీ. ఒక్క మీవే లేవు. మీరెప్పుడూ ఇవ్వలేదు."

ఆయన చెయ్యి దులుపుకోకుండా, ఖాళీ బక్కెట్టు తీసుకుని మెట్లు దిగాడు. సిస్టరమ్మ మెట్ల దాకా వచ్చి చెవి ఒగ్గింది. రెండో మలుపు దగ్గర అడుగులు ఆగాయి.

"ఇదిగో, సిస్టరమ్మగారూ! అల్లం పొట్టు కూడా వెయ్యొచ్చా?"